అచ్చొచ్చిన గింజ

మా ల్యాబులో ఒక ఆనవాయితీ ఉండేది. థీసిస్ ఇచ్చేసి వెళ్లిపోయే సీనియర్ తన గాజు సామానంతా శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, కొత్తగా చేరినవాళ్ల చేతికి అప్పగించి మరీ వెళ్లాలి. బల్ల మీద వదిలేసి పోతానంటే మా సార్ ఊరుకునేవారు కాదు. మిఠాయి పొట్లం ఒకటి తెచ్చి, సామాను చేతిలో పెట్టి, "నీ చేతికి అచ్చిరావాలి" అని ఒక మాట అనాలి. ఆయన గురువుగారు ఆయనకి అలాగే అప్పగించారట. నా వాటాకి వచ్చినవి మూడు గుండ్రటి ఫ్లాస్కులు, మూతి పగిలిన గరాటు, ఒక సీసాలో తొమ్మిది గింజలు.

గింజలంటే తినేవి కావు. చిక్కుడు గింజంత అయస్కాంతం ముక్క, పైన తెల్లటి ప్లాస్టిక్ తొడుగు. ఫ్లాస్కులో వేసి కింద యంత్రం పెడితే లోపల గిరగిరా తిరుగుతూ ద్రావణాన్ని కలుపుతుంది. పెద్ద ల్యాబుల్లో దానికి ఇంగ్లీషు పేరుంది, మాకు మాత్రం గింజే. ఒకటి పోతే ఇంకోటి రావడానికి ఇండెంటు, నాలుగు సంతకాలు, ఆరు నెలల ఎదురుచూపు. అందుకని పుట్టింటివారు పెట్టిన వెండి గిన్నెల్లా చూసుకునేవాళ్లం వాటిని. పొరపాటున సింకులో జారిపడితే పైపు విప్పించి మరీ తీసేవాళ్లం.

మాది శ్రీకాకుళం పక్క సముద్రం ఒడ్డు. మా నాన్న నేను చిన్నగా ఉన్నప్పుడే పోయాడు. అమ్మ చేపల తట్ట నెత్తిన పెట్టుకుని టౌనులో వీధివీధి తిరిగి అమ్మింది. ఇప్పటికీ అమ్ముతుంది, మానెయ్యమంటే నా మీదే కస్సుమంటుంది. నేను కెమిస్ట్రీలో పరిశోధన చేస్తున్నానంటే మా వాడలో వాళ్లు మందుల షాపు పెడతాననుకున్నారు. కొన్నాళ్లు సరిదిద్దాను, తరవాత విసుగొచ్చి, అవునన్నాను.

మా సార్‌ది పాతపట్నం. బాప్టిస్టు కుటుంబం, తండ్రి మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు. మందులు కలిపే చేతుల మధ్య పెరిగి, ఆ మందులు ఎలా పుడతాయో తెలుసుకోవాలని ఈ దారి పట్టారట. మందుల తయారీలో తరచూ ఒక పని పడుతుంది. రెండు అణువుల్ని, కార్బన్‌కి కార్బన్ తగిలించి, ఒకటి చెయ్యాలి. అవి వాటంతట అవి కలవవు. మధ్యలో పల్లాడియం లాంటి లోహం ఉండాలి. అది రెండిటినీ దగ్గరికి తెచ్చి, కలిపి, తాను ఖర్చవకుండా తప్పుకుంటుంది. అలాంటి దాన్ని ఉత్ప్రేరకం అంటారు. పల్లాడియం బంగారంతో సమానమైన ఖరీదున్న లోహం. ఆ పని అల్యూమినియం చేత, అంటే మన ఇళ్లల్లో సత్తు అనేదాని చేత, చేయించాలన్నది మా సార్ ముప్పయ్యేళ్ల పట్టుదల. ఆవర్తన పట్టికలో బోరాన్, అల్యూమినియం, ఫాస్ఫరస్ కూర్చునే వైపుని ముఖ్య గ్రూపులు అంటారు. పేరుకే ముఖ్యం. ఉత్ప్రేరకాల లోకంలో చాలాకాలం వాటి మొహం చూసినవాళ్లు తక్కువ.

"పల్లాడియం ఎక్కడో రష్యా గనుల్లో ఉంటాది," అనేవారు సార్. "సత్తు అయితే మన శృంగవరపుకోట దాటి కొండెక్కితే మట్టిలోనే ఉన్నాది. మనింట్లో గంజి వార్చుకునే గిన్నె అది. దానికి పని నేర్పలేమేటి?"

ఆయనకి కోపం జాస్తి. మనిషి మెట్ల కింద ఉండగానే గొంతు మేడ మీదికి వచ్చేది. తారీఖు వెయ్యలేదని ఒకసారి నా నోట్‌బుక్కు కిటికీలోంచి విసిరేశారు. అది సైకిల్ స్టాండులో పడింది. నేను దిగి వెళ్లి, దుమ్ము దులుపుకుని తెచ్చుకునేసరికి నా బల్ల మీద టీ పెట్టించి ఉంచారు. నాకు నవ్వొచ్చింది. మా వాడలో పడవల దగ్గర మగాళ్ల కేకలు వింటూ పెరిగినదాన్ని, ఆ అరుపులు నాకు ఒక లెక్క కాదు. పైగా రియాక్షన్ పాడైందని చెప్పినందుకు ఆయన ఒక్కరిని కూడా తిట్టగా చూడలేదు. అప్పుడు మాత్రం కుర్చీ లాక్కుని కూర్చునేవారు. "గెలిసిందాని గురించి ఏటి మాటాడతాం? పోయిందాని గురించి సెప్పు," అనేవారు.

నేను చేరిన రెండో ఏడు ఆయన కిడ్నీలు పాడయ్యాయి. మా జిల్లాలో ఆ జబ్బు పేరు చెబితే ఎవరూ ఆశ్చర్యపోరు, మీకెన్నాళ్ల నుంచి అని మాత్రం అడుగుతారు. వారానికి మూడు రోజులు డయాలసిస్. మిగతా రోజుల్లో చెయ్యి మీద కట్టుతోనే ల్యాబుకి వచ్చేవారు. ఒక్కొక్క మెట్టూ ఆగి ఎక్కేవారు. గొంతు మాత్రం ఆయన కంటే ముందే వచ్చేది.

ఆ ఏడాదే అది జరిగింది. అల్యూమినియం చుట్టూ నత్రజని ఉన్న ఒక పెద్ద అణువుని కట్టి తయారుచేసిన కాంప్లెక్స్ మాది. అప్పటికి దానితో నలభై సార్లు చేసి ఉంటాను, నలభై సార్లూ శూన్యం. ఆ రోజు మధ్యాహ్నం చిన్న గాజు ప్లేటు మీద ద్రావణం చుక్క పెట్టి, అతినీలలోహిత దీపం కింద చూస్తే, ఎప్పుడూ లేని చోట ఒక మచ్చ కనబడింది. రెండు అణువులూ కలిసి కొత్తది పుట్టిందని దానర్థం. సార్‌ని పిలిచాను. ఆయన దీపం మీదికి వంగి, కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకుని చూశారు.

"మళ్లీ సెయ్," అన్నారు. అంతే.

మళ్లీ చేశాను. వచ్చింది. ఇంకోసారి చేశాను. వచ్చింది. మూడోసారికి సార్ స్టూలు మీద కూర్చుండిపోయి ఇంటికి ఫోను చేశారు. "నీ సత్తు గిన్నె గెలిసింది," అన్నారు అమ్మగారితో, అంటే ఆయన భార్యతో. ఆయన కళ్లనీళ్లు చూడకూడదని నేను సింకు దగ్గరికి వెళ్లి, కడిగిన ఫ్లాస్కే మళ్లీ కడిగాను.

ఇక్కడ నా తెలివితక్కువతనం ఒకటి చెప్పాలి. మొదటిసారి ఫలితం వచ్చిన రోజు ఫ్లాస్కులో వేసిన గింజ నాకు గుర్తుంది, అంతకుముందు దాన్ని సీసాలోంచి తీసిందే లేదు. ఒక కొసన బూడిదరంగు మరక ఉంటుంది దానికి, ఎంత తోమినా పోదు. అది నాకు అచ్చొచ్చిందనుకున్నాను. పరీక్ష రాసిన పెన్నుని దాచుకునే పిల్లల్లాగా, అప్పట్నుంచి అల్యూమినియం రియాక్షన్ ఎప్పుడు పెట్టినా ఆ గింజే వేశాను. పత్రికకి పంపేముందు, అల్యూమినియం లేకుండా ఉత్తినే చేసి ఏమీ రాదని చూపించాలి కదా, దానికి వేరే గింజ వేశాను. ఉత్త పనికి అచ్చొచ్చిన గింజ ఎందుకు దండగ అని. అల్యూమినియం లేకుండా ఏమీ రాలేదు. సార్ సంతృప్తిగా తలాడించారు.

వ్యాసం అచ్చయింది. డిపార్టుమెంటు అంతటికీ సార్ లడ్డూలు పంచారు. అది ఎక్కువ తినకూడదు, ఇది తాగకూడదు అని డాక్టర్లు కట్టేసిన మనిషి, ఆ రోజు ఒక లడ్డూ మొత్తం తినేసి, అమ్మగారికి చెప్పొద్దని మా అందరి చేతా ఒట్టు వేయించుకున్నారు. ఆ తరవాత దిగుబడి నెమ్మదిగా తగ్గుతూ వచ్చింది. మొదట్లో వచ్చినంత ఆ తరవాత రాలేదు. ఎండలు ముదిరాయి, ద్రావణిలో తేమ ఉండి ఉంటుంది అనుకున్నాం. కారణం కావాలనుకునేవాడికి కారణాలకేం కొదవ.

ఆ ఎండల్లోనే ఒక ఆదివారం ఇంటికి వెళ్లాను. అమ్మ తట్ట దింపి, చెమట తుడుచుకుంటూ, "ఇంతకీ నువ్వు సేసిందేటో నాకూ ఓపాలి సెప్పవే," అంది. పేపర్లో నా ఫోటో పడలేదని ఆవిడకి చిన్న బాధ. పాలలో తోడు వేస్తే పెరుగవుతుంది కదా, అలాంటిదే అనుకో అన్నాను. పల్లాడియం మంచి తోడు, అది ఖరీదు. మేము తోడు మార్చాం, చవకది వేశాం, అయినా తోడుకుంది అన్నాను. పోలిక పూర్తిగా సరైంది కాదు, కానీ అమ్మకి చాలనుకున్నాను.

అమ్మ తట్ట గోడకి బోర్లించింది. "గిన్నె మార్సేవా?" అంది.

"గిన్నెకేం?"

"ఓసి నా గుంటా, పాత పెరుగు గిన్నె సరిగ్గా తోమకపోతే తోడు ఎయ్యకపోయినా తోడుకుంటాది. తెల్దేటి నీకు? నువ్వు తోడు మార్సేనంతన్నావు. గిన్నె మార్సేవో లేదో సూసుకోవాల కదా."

నేను నవ్వాను. నవ్వుతూనే అన్నం కలుపుకున్నాను. రెండో ముద్ద నోట్లో పెట్టుకునేసరికి, నాకు ఆ గింజలు అప్పగించిన సీనియర్ ఏ పని చేసి డిగ్రీ తెచ్చుకున్నాడో గుర్తొచ్చింది. ఐదేళ్లూ పల్లాడియం మీదే చేశాడు. ఆ రియాక్షన్లు చెడిపోయినప్పుడు అడుగున నల్లటి మసి పడేది. తెల్లటి ప్లాస్టిక్ తొడుగు మీద గీతలు పడితే ఆ మసి అందులో కూరుకుపోతుంది. కంటికి కనబడనంత ఉన్నా చాలు, పని చేసేస్తుంది. మిఠాయి పొట్లంతో పాటు అతను నా చేతిలో పెట్టింది అదే. అన్నం అలాగే వదిలేసి లేచాను.

సోమవారం పొద్దున్నే పక్క డిపార్టుమెంటు నుంచి సీలు విప్పని కొత్త గింజలు రెండు అడుక్కుని తెచ్చాను. కొత్త గింజతో, కొత్త ఫ్లాస్కులో, మా అల్యూమినియం కాంప్లెక్స్ వేసి పెట్టాను. ఏమీ రాలేదు. ఇంకో ఫ్లాస్కులో అల్యూమినియం ఊసే లేకుండా, నా అచ్చొచ్చిన గింజ ఒక్కటి వేసి పెట్టాను. సాయంత్రానికి దీపం కింద ఆ మచ్చ, అదే చోట, నన్ను చూసింది. మూడు రోజులు మార్చి మార్చి చేశాను. మూడు రోజులూ అంతే. సత్తు గిన్నె గెలవలేదు. ఆ మనిషి ముప్పయ్యేళ్ల కల ఒక గింజ మరకలో ఉంది.

సార్‌కి చెప్పాలి. మా ల్యాబులో అది ఆలోచించాల్సిన సంగతే కాదు, చెప్పి తీరాలి. గురువారం ఆయన డయాలసిస్ రోజు. ఆసుపత్రికి వెళ్లాను. యంత్రం పక్కన పడుకుని, పక్క మంచం మీది రైతుకి చెబుతున్నారు. "మా పిల్ల సేసింది," అంటున్నారు నన్ను చూపించి, "సత్తు గిన్నె తెలుసు కదా నీకు, దాంతోటి." ఆ రైతుకి ఏం అర్థమయిందో గానీ నాకు చెయ్యెత్తి దండం పెట్టాడు. సార్ మొహం బాగా వాచి ఉంది. సంతకం కోసం వచ్చానని ఏదో కాగితం ముందు పెట్టాను.

తరవాతి ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. ఈసారి చెప్పేద్దామనే వెళ్లాను. దారంతా వాక్యాలు కూర్చుకున్నాను. అమ్మగారు టీ ఇచ్చి వంటగదిలోకి వెళ్లారు. ఆవిడ బడిలో టీచరుగా చేసి రిటైరైన మనిషి, మేం మాట్లాడుకుంటున్నప్పుడు మధ్యలోకి వచ్చేవారు కాదు. సార్ మంచం మీద దిండుకి ఆనుకుని ఉన్నారు. మొహంలో రక్తం లేదు.

"ఏటమ్మా, ఏదో సెప్పడానికొచ్చినట్టున్నావు," అన్నారు.

"ఏం లేదు సార్. ఊరికే చూసి పోదామని."

"రియాక్షన్లు ఎలాగున్నాయి?"

"బాగున్నాయి సార్."

ఆయన నా మొహం కాసేపు చూశారు. ఆ పైన ఏమీ అడగలేదు. నేను టీ తాగేసి లేచి వచ్చేశాను. బస్సులో కూర్చుని మంచి పని చేశాననే అనుకున్నాను. ఎన్నాళ్లుంటారో తెలియని మనిషి, సంతోషంగా ఉండనీ, నా నోటితో నేనెందుకు చెప్పాలి అనుకున్నాను. అంత దయగల మనిషిని నేను.

పది రోజులకి సార్ పోయారు.

పాతపట్నంలో సమాధి చేశారు. కొన్నాళ్లకి అక్కడే ఆదరణ కూడిక పెట్టారు. పోయినవారి ఇంటివాళ్లని ఓదార్చడానికి సంఘమంతా చేరి పాటలు పాడి, ప్రార్థన చేసి, ఆ మనిషిని ఎరిగినవాళ్ల చేత రెండు మాటలు చెప్పిస్తారు. దాన్ని సాక్ష్యం అంటారు. నేను వెనక వరసలో కూర్చున్నాను. పాస్టరుగారు మైకులో, ఆయన ఆఖరి శిష్యురాలు సాక్ష్యం చెబుతుందని అన్నారు. మాది వేరే ఆచారం, నాకు ఏం చెప్పాలో తెలియదు అని గొణిగాను. పక్కనున్న పెద్దాయన నెమ్మదిగా, "దాన్లో తెలవడానికేటమ్మా, నువ్వు కళ్లారా సూసింది సెప్పడమే," అన్నాడు.

వెళ్లి నిలబడ్డాను. ముందు వరసలో అమ్మగారు తెల్లచీరలో కూర్చుని నన్నే చూస్తున్నారు. రష్యా గనుల లోహం చేసే పనిని మన కొండల సత్తు చేత చేయించిన మనిషి మా సార్ అన్నాను. నేను కళ్లారా చూశాను అన్నాను. పందిరంతా "స్తోత్రం" అంది. అమ్మగారు కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. నేను దిగి వచ్చి కూర్చుంటే ముందున్నావిడ వెనక్కి తిరిగి నా చెయ్యి పట్టుకుంది. ఆ చేతిని విదిలించుకుని పారిపోవాలనిపించింది.

రెండు నెలలకి చైనా నుంచి ఎవరో విద్యార్థి ఒక మెయిలు పెట్టాడు. ఎంతో మర్యాదగా రాశాడు. మీ వ్యాసంలో చెప్పినట్టే ఆరు నెలలుగా చేస్తున్నాను, నాకు రావడం లేదు, నేను ఎక్కడ తప్పు చేస్తున్నానో దయచేసి చెప్పగలరా అని. ఆరు నెలలు! ఆ పిల్లాడు తన చేతకానితనమనుకుని ఆరు నెలలు కుమిలిపోయాడు. నా దయ సార్ ఒక్కరికే కదా సరిపోయింది. తప్పు మీది కాదు, నాది అని అతనికి ఆ రోజే జవాబిచ్చాను. వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటామని పత్రికకి ఉత్తరం రాశాను. ఆ ఉత్తరంలో సార్ పేరు కూడా ఉంటుంది. ఉండక తప్పదు. పంపేముందు అమ్మగారికి చెప్పాలని వాళ్లింటికి వెళ్లాను.

అంతా చెప్పాను. గింజ, మరక, మా అమ్మ మాట, కొత్త గింజలతో చేసిన మూడు రోజులు, ఆసుపత్రి, ఆదివారం. కూడికలో చెప్పింది అబద్ధమని కూడా చెప్పాను. ఆవిడ ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. కోప్పడతారనుకున్నాను. నిజానికి కోప్పడితే బాగుండుననుకున్నాను.

"పంపించీ," అన్నారు చివరికి. "ఆయనైతే నువ్వు సెప్పిన రోజే పంపిద్దురు."

మళ్లీ ఆవిడే అన్నారు. "ఆయనకి అనుమానం వచ్చీసిందమ్మా."

ఎప్పుడమ్మగారూ అన్నాను.

"ఆదివారం నువ్వొచ్చి ఎల్లిపోయేక సాలాసేపు మాటాడలేదు. నానే అడిగేను, ఏటయిందని. ఈ పిల్ల ఏదో దాస్తన్నాది, రియాక్షన్ పోయుంటాది అన్నారు. పోతే పోయింది, దానికేటి, మళ్లీ సేసుకుంటాం గదా అన్నారు. రియాక్షన్ పోయినందుకు కాదు ఆయన బాధ." ఆవిడ కొంగు సర్దుకున్నారు. "ముప్పయ్యేళ్లు అందరి మీదా అరిసేసినాను, ఆఖరికి నా పిల్లే నాకు జడిసి నిజం సెప్పలేకపోయింది అన్నారు. అంత సెడ్డోడినేటే నేను అని నన్నడిగేరు. ఏటి సెప్పను నేను? ఫోను దిండు పక్కనే ఎట్టుకున్నారు ఆ పది రోజులూ. నాను నీకు సేస్తానంటే వద్దన్నారు. దానంతట అది సెప్పాల, ఇంకా జడిపించొద్దు అన్నారు."



"నిజంగా జడిసేవేటమ్మా?" అని ఆవిడే అడిగారు.

"లేదమ్మగారూ," అన్నాను. "ఒక్కరోజు కూడా జడవలేదు."

ఆవిడ నన్ను చూశారు. "మరి ఆ ముక్క ఆయనకి తెల్దు కదమ్మా," అన్నారు.